బాకీ పడని పిల్ల

డిపోలో ఆవిడ అసలు పేరు జీతాలిచ్చేవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. అందరికీ కంట్రోలరమ్మే. ఏ బస్సు ఎవరు తోలాలో, ఎవరికి తెల్లవారుజాము బండి పడాలో, ఎవరికి ఆదివారం సెలవు దక్కాలో తేల్చేది ఆవిడ. ఆ కుర్చీ అలాంటిలాంటి కుర్చీ కాదు. ఆవిడకంటే ముందు అందులో కూర్చున్నవాళ్ళలో ఒకాయనకి జుట్టు ఊడింది, ఇంకొకాయనకి రక్తపోటు వచ్చింది, మూడో ఆయన తనే అడిగి మరీ గేటు దగ్గర వాచ్‌మన్ పనికి మారిపోయాడు. ఆవిడ మాత్రం ఏళ్ళ తరబడి నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది.

కిటుకల్లా మార్పిడిలో ఉంది. డ్రైవర్లన్నాక ఒకడికి పన్ను నొప్పి, ఇంకొకడికి బావమరిది పెళ్ళి. "నా పొద్దుటి బండి నువ్వు చూడు, నీ ఆదివారం నేను చూస్తా" అని వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుని ఆవిడ కిటికీ దగ్గరికి వస్తారు. ఆవిడ "ఊఁ" అంటే మార్పిడి జరిగినట్టే. ఎవడు ఎవడికి ఏ డ్యూటీ బాకీయో ఆవిడ కాగితం మీద పెట్టదు, నోటికి చెబుతుంది. ఎగ్గొట్టేవాడి పప్పులు ఆ కిటికీ దగ్గర ఉడకవు. ఇన్నేళ్ళలో తను మాత్రం ఎవరితోనూ ఒక్క మార్పిడి చేసుకోలేదు, ఒక్క సాయం అడగలేదు. జ్వరం వచ్చినా ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని కుర్చీలోనే కూర్చుంది. అది ఆవిడ గొప్ప. ఆ గొప్ప ఆవిడకి బాగానే తెలుసు.

ఒకసారి పైవాళ్ళు ఆవిడని శిక్షణ తరగతికి పంపారు. టై కట్టుకున్న ఒక పెద్దమనిషి బోర్డు మీద "సామాజిక వినిమయ సిద్ధాంతం" అని రాసి, మనిషికీ మనిషికీ మధ్య నడిచేదంతా ఇచ్చిపుచ్చుకోవడమేనన్నాడు. పడ్డ కష్టం కంటే దక్కింది ఎక్కువ అనిపించినంత కాలం మనిషి ఒకచోట నిలుస్తాడట. ఇంతకంటే ఇంకెక్కడో బాగుంటుందనిపించిన రోజున సంచీ సర్దుకుంటాడట. మిగతావాళ్ళు ఆవలిస్తుంటే కంట్రోలరు ముందు బెంచీలో కూర్చుని తల ఊపుతూనే ఉంది. తను కిటికీ దగ్గర చేసే పనికి ఇంత పొడుగు పేరుందని తెలిసి ఆవిడకి కాస్త ఎత్తు పెరిగినట్టు కూడా అనిపించింది.

ఆ సిద్ధాంతం డిపోలోనే ఆగిపోయి ఉంటే ఈ కథ లేదు. ఆవిడ దాన్ని ఇంటికి పట్టుకెళ్ళింది.

ఇంటి సంగతి కూడా చెప్పాలి. కంట్రోలరుకి మొదటి పెళ్ళి నిలవలేదు. ఒక కూతురు మిగిలింది. చాలాకాలం తల్లీ కూతుళ్ళిద్దరే. తర్వాత డిపోలో బస్సులు కడిగే చోట పైపు పగిలితే ఒక ప్లంబరు వచ్చాడు. పైపు ఆ పూటే బాగయింది. మనిషి మాత్రం ఆ తర్వాత చాలా రోజులు వచ్చి, బాగున్న పైపుని చూసి పోయాడు. భార్య పోయినవాడు, నోట్లో నాలుక లేనివాడు, ఊళ్ళో అందరి కుళాయిలూ బాగుచేసి తన ఇంటి కుళాయి కారుతుంటే కింద బకెట్టు పెట్టేవాడు. అతనికీ ఒక కూతురు. పెళ్ళయ్యాక ప్లంబరు కూతురు పెద్దదైంది, కంట్రోలరు కూతురు చిన్నదైంది, ఇద్దరికీ కలిపి ఒక గది వచ్చింది.

ఆ గదికి ఒకటే కిటికీ. ఆ కిటికీ పక్కన పట్టేది ఒకటే మంచం.

కిటికీ దగ్గర మొదలైన గొడవ దువ్వెనకి పాకింది, దువ్వెన నుంచి స్నానాల గదికి, అక్కడినుంచి "మీ అమ్మ", "మీ నాన్న" అనే మాటలకి. ప్లంబరు ఇద్దరి మధ్యా నిలబడి "పోనీలే, పోనీలే" అనేవాడు. ఏది పోనివ్వాలో మాత్రం చెప్పేవాడు కాదు. అప్పుడు కంట్రోలరు రంగంలోకి దిగింది. కిటికీ మంచం ఒక వారం ఒకరికి, తర్వాతి వారం ఇంకొకరికి. గిన్నెలు, బట్టలు, కూరగాయలు, చెత్త బుట్ట అన్నిటికీ వంతులు. వంతు కుదరకపోతే మార్చుకోవచ్చు. తీసుకున్నవాళ్ళు తీర్చాలి. ఇంట్లో ఎవరూ ఎవరికీ ఊరికే చెయ్యనక్కర్లేదు, ఎవరూ ఎవరి మీదా పడి ఏడవనక్కర్లేదు.

నెల తిరక్కుండా ఇల్లు సద్దుమణిగింది. ప్లంబరు ఆశ్చర్యపోయాడు. కంట్రోలరు ఆశ్చర్యపోలేదు.

అందరికంటే బాగా ఈ పద్ధతిని పట్టుకున్నది పెద్దది. మందుల షాపులో పని ఆ పిల్లకి. చచ్చిపోయిన తల్లి స్కూటరు మీద ఇంటింటికీ మందులు చేరవేస్తుంది. మాట పొదుపు, నడక చురుకు. పిన్నీ అనే పిలుస్తుంది, మీరు అనే అంటుంది, మర్యాదకి ఎక్కడా లోటు లేదు. కంట్రోలరు ఒక పూట టీ ఇస్తే ఆ సాయంత్రమే టీ పెట్టి తెస్తుంది. చొక్కాకి గుండీ కుడితే మర్నాడు చెప్పులు తుడిచి పెడుతుంది. పిల్ల ఎవరికీ బాకీ పడదు. చిన్నది మాత్రం పీకల దాకా బాకీల్లో మునిగి, నవ్వుతూ తిరిగేది. ఇద్దరినీ చూసినప్పుడల్లా కంట్రోలరుకి పెద్దదే తన కడుపున పుట్టాల్సిందేమో అనిపించేది. నా పోలిక, అనుకునేది లోపల్లోపల.

ఒక సాయంత్రం కంట్రోలరు పళ్ళేలు తుడుస్తోంది. గిన్నెల వంతు ఆవిడదే. ఎప్పుడో వానలో తడిసి జలుబు చేసినప్పుడు పెద్దది తన వంతు ఒక పూట ఈవిడకి ఇచ్చేసింది. ఇప్పుడు వచ్చి, అడక్కుండానే సబ్బు అందుకుని గిన్నెలన్నీ కడిగేసింది. చెయ్యి తుడుచుకుంటూ అంది:

"పిన్నీ, ఇక నా వైపు ఏమీ లేదు కదా?"

కంట్రోలరు చేతిలో పళ్ళెం అలాగే ఆగిపోయింది.

ఆ మాట ఆవిడకి కొత్త కాదు. డిపోలో ఎవడైనా వేరే ఊరికి బదిలీ అడుగుతుంటే ముందు ఎవరికీ చెప్పడు. మేనేజరుకి కూడా తెలియదు. కానీ తన బాకీలన్నీ ఒక్కొక్కటే తీర్చుకుంటూ వస్తాడు. ఎప్పటిదో మర్చిపోయిన ఆదివారం గుర్తుచేసుకుని మరీ వచ్చి పని చేస్తాడు. ఆఖరికి కిటికీ దగ్గర నిలబడి "నా వైపు ఏమీ లేదు కదమ్మా?" అంటాడు. ఆ మాట అన్నవాడు ఆ డిపోలో ఎక్కువకాలం ఉన్నట్టు ఆవిడ చూడలేదు. ఉండేవాడికి ఎప్పుడూ ఏదో ఒక బాకీ ఉంటుంది, వాడికది గుర్తు కూడా ఉండదు.

"ఏమీ లేదు," అంది కంట్రోలరు.

పిల్ల గదిలోకి వెళ్ళాక ఆవిడ చూడటం మొదలుపెట్టింది. చిన్నదాని దగ్గర తీసుకున్న నీలం కోటు ఉతికి ఇస్త్రీ చేసి చిన్నదాని మంచం మీద ఉంది. తండ్రి పనిముట్ల సంచీకి ఎప్పటినుంచో తెగి ఉన్న పట్టీ కుట్టి ఉంది. ప్లంబరు తేలు కుట్టిన దొంగలా మంచం చివర కూర్చున్నాడు.

"ఎక్కడికి వెళ్తోంది?" అని అడిగింది ఆవిడ.

"నీకెవరు చెప్పారు?"

"మీరే చెప్తున్నారు, మొహంతో."

ప్లంబరు నిట్టూర్చి చెప్పాడు. పిల్ల పెద్దమ్మకి, అంటే పోయిన తల్లికి అక్కకి, వేరే ఊళ్ళో బట్టల కొట్టుంది. పైన గది ఖాళీగా ఉంది, వచ్చేయమంది. తల్లి పోయినప్పుడు పిల్లని దగ్గర పెట్టుకుని చూసింది ఆవిడే. వచ్చే నెలాఖరుకి వస్తానని పిల్ల మాటిచ్చింది.

"సొంతంగా ఒక గదంట. దానికి రెండు కిటికీలంట," అన్నాడు ప్లంబరు. "నేనేం చెప్పను?"

కంట్రోలరుకి కోపం రాలేదు. కోపం వచ్చి ఉంటే బాగుండేది. తన పద్ధతి ఎంత బాగా పనిచేసిందంటే, ఆ పిల్ల ఈ ఇంట్లోంచి ఒక్క పోగు కూడా తెంచుకోనక్కర్లేకుండా వెళ్ళిపోగలదు. ఇన్నాళ్ళూ ఇల్లు నడుపుతున్నానని మురిసింది కానీ, పిల్లకి దారి చదును చేసి పెట్టింది తనే.

బోర్డు ముందు నిలబడిన టై పెద్దమనిషి చెప్పిందే నిజమైతే దీనికి మందు కూడా అందులోనే ఉండాలి. బాకీ లేనివాడు పోతాడు. అయితే బాకీ పెట్టాలి. పిల్ల తీర్చుకోలేనంత చెయ్యాలి.

ఇక చూడండి ఆ ఇంట్లో జరిగిన యుద్ధం. కంట్రోలరు పిల్లకి కొత్త వానకోటు కొంది. పిల్ల రెండు రోజుల్లో కంట్రోలరు గొడుగు బాగుచేయించి తెచ్చింది. కంట్రోలరు పిల్ల బట్టలన్నీ ఇస్త్రీ చేసింది. పిల్ల ఇంటి కర్టెన్లన్నీ దించి ఉతికింది. కంట్రోలరు పిల్లకంటే ముందు లేచి టిఫిన్ డబ్బా సర్దింది. మర్నాడు పిల్ల ఇంకా ముందు లేచి అందరి డబ్బాలూ సర్దేసింది. ఆ మర్నాడు కంట్రోలరు అంతకంటే ముందు లేచింది. ఆంబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్ళు విరుగుతాయంటారు కానీ ఈ ఇంట్లో లేగదూడ బాగుపడింది. వంతులన్నీ ఈ ఇద్దరే లాక్కుంటుంటే చిన్నది కాళ్ళు చాపుకుని కూర్చుని కాస్త ఒళ్ళు కూడా చేసింది.

ఒక తెల్లవారుజామున మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వచ్చిన ప్లంబరుకి ఒకే మూకుడుని చెరో వైపు పట్టుకుని లాగుతున్న ఇద్దరూ కనిపించారు.

"ఇంకాస్త ముందు లేస్తే," అన్నాడతను, "నిన్నటి గిన్నెలు నిన్ననే తోమేయొచ్చు."

ఎవరూ నవ్వలేదు. పిల్ల మూకుడు వదిలేసి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు ఆ మొహంలో అలసటతో పాటు ఇంకొకటి కూడా కనిపించింది కంట్రోలరుకి. బెదురు. ఎవరో తరుముతున్నట్టు. ఇలా అయితే నెలాఖరు దాకా కూడా ఆగదు, రేపే పోతుంది అనిపించింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే డిపోలో ఇంకో చిక్కు వచ్చి పడింది. డిపోని ఊరి చివర కొత్త స్థలానికి మారుస్తున్నారు. ఈ చివర నుంచి ఆ చివరకి నడిస్తే చెప్పులరిగేంత స్థలం. కంట్రోలరు రోజూ స్కూటరు మీద తిరిగి బండ్లు చూసుకోవాలి. మేనేజరు ఆవిడని పిలిచి చెప్పి, "మీకు బండి వచ్చు కదండీ?" అన్నాడు, రాకపోవడం ఏమిటి అన్నట్టు. ఆవిడ "ఆలోచించి చెబుతాను" అని బయటికొచ్చింది.

ఆవిడకి రాదు. స్కూటరు మాట అటుంచి, సైకిలు కూడా రాదు. డిపోలో ఉన్న ప్రతి డ్రైవరునీ ఎండలో, వానలో తోలించిన మనిషికి చక్రమున్న ఏ వస్తువూ నడపడం రాదు. ఈ సంగతి ఇన్నేళ్ళు ఎవరికీ తెలియకుండా దాచుకుంది. ఇప్పుడు ఎవరినో "నేర్పండి" అని అడగడం కంటే కుర్చీ వదులుకోవడమే నయమనుకుంది.

డిపోలో హారను అని ఒక పెద్ద డ్రైవరున్నాడు. బస్సులో హారను ఎప్పుడూ కొట్టడు, ఆ పని నోటితో చేస్తాడు, అందుకే ఆ పేరు. ఆవిడ కుర్చీ వదులుకుంటోందని ఎవరు చెప్పారో ఏమో, కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, మీకు బండి రాదు. అంతేనా?"

ఆవిడ తల ఎత్తలేదు.

"రాకపోతే ఎవరినైనా అడగండి. ఇంతమందిమి ఉన్నాం. కానీ మీరు అడగరు. మీరెప్పుడు ఎవర్ని ఏం అడిగారు గనక? మీరంటే మాకు గౌరవం, కాదనను. మరి ఇన్నేళ్ళలో మాలో ఒక్కడైనా మీ ఇంటి గుమ్మం తొక్కాడా? ఏ మొహం పెట్టుకుని తొక్కుతాం? మీకు మాతో పని పడితే కదా, మేం మీ మనుషులమని మాకు అనిపించేది."

"డ్యూటీకి వెళ్ళండి," అంది కంట్రోలరు.

అతను వెళ్ళాడు. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. బస్సెక్కి ఇంటికెళ్తూ దారంతా మండుతూనే ఉంది. వీడెవడు నాకు చెప్పడానికి, అనుకుంది. అడగందే అమ్మయినా పెట్టదని నాకు తెలియదా, అనుకుంది. తెలిసిన సామెతే. చిన్నప్పటినుంచి వింటున్నదే. కానీ ఆ పూట అది ఎందుకో తిరగబడి కూర్చుంది. తన ఇంట్లో పిల్ల అడగడం లేదు సరే. మరి తను అడిగిందా? టీ ఇచ్చింది, గుండీ కుట్టింది, వానకోటు కొంది, దిమ్మతిరిగేలా చేసింది. "నువ్వు నాకు కావాలి" అని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. పెట్టేదాని చెయ్యి ఎప్పుడూ పైనే ఉంటుంది. కింద చెయ్యి పట్టడం తనకీ రాదు, ఆ పిల్లకీ రాదు. వయసులో పెద్దదాన్ని కనుక ముందు నేనే పట్టాలి, అనుకుంది. తన స్టాపు దాటిపోయిందని కండక్టరు చెప్పేదాకా ఆవిడ చూసుకోలేదు.

ఇంటికొచ్చేసరికి పెద్దది వాకిట్లో స్కూటరు కడుగుతోంది. ఆ స్కూటరుని ఆ ఇంట్లో పిల్ల తప్ప ఎవరూ ముట్టరు. తండ్రి కూడా ముట్టడు.

"నాకు బండి నేర్పుతావా?" అంది కంట్రోలరు. ముందు నీళ్ళు నమిలితే అసలు అడగలేనని తెలిసి గబుక్కున అనేసింది.

పిల్ల గుడ్డ పట్టుకుని అలాగే చూసింది. "మీకు రాదా?"

"సైకిలు కూడా రాదు. ఎవరికీ తెలియదు. మీ నాన్నకి కూడా."

"డిపోలో అంతమంది డ్రైవర్లున్నారుగా."

"వాళ్ళ ముందు పడితే నాకు ప్రాణం పోయినట్టుంటుంది. నీ ముందైతే ఫర్వాలేదు."

ఆ మాట తన నోట్లోంచి వచ్చాక గానీ అది నిజమని ఆవిడకి తెలియలేదు. పిల్ల బకెట్లోని నీళ్ళ వైపు చూసింది.

"మరి నా వంతు ఏది తీసుకుంటారు? గిన్నెలా, బట్టలా?"

"ఏదీ తీసుకోను. ఇది ఇంత అని కొలవలేం కదా. నేర్పితే ఊరికే నేర్పాలి. నా దగ్గర బదులివ్వడానికేం లేదు."

ఆ ఇంట్లో అలాంటి మాట ఎవరూ ఎప్పుడూ అనలేదు. పిల్ల బకెట్లో నీళ్ళు పారబోసి, "రేపు పొద్దున్నే. ఎత్తు చెప్పులు వద్దు, బూట్లేసుకోండి," అంది.

ఆటస్థలం వెనక ఒక ఖాళీ జాగా ఉంది. రోజూ పొద్దున్నే అక్కడ. మొదటి రోజు కంట్రోలరు స్కూటరు ఎక్కి కూర్చుని, అది కదలకముందే రెండు కాళ్ళూ నేల మీద ఆనించి, హ్యాండిలుని పీక పిసికినట్టు పట్టుకుంది. పిల్ల వెనక పరుగెత్తుతూ అరిచేది. ఇంట్లో పొదుపుగా వాడే మాటలన్నీ ఇక్కడ ఖర్చు పెట్టేసింది. "చక్రం వైపు చూస్తారేంటి, ముందుకి చూడండి! ఆ గోడ మీ మీదకి రావట్లేదు, మీరే దాని మీదకి వెళ్తున్నారు!" ఒకరోజు గోడ నిజంగానే దగ్గరికొచ్చినప్పుడు "బ్రేకు నొక్కు, నొక్కవే!" అని కూడా అంది. అని నాలుక కరుచుకుంది. కంట్రోలరు బ్రేకు నొక్కి, గోడకి జానెడు దూరంలో ఆగి, వగరుస్తూ వెనక్కి తిరిగింది. జీవితంలో తనని ఎవరైనా అలా కసిరి ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు. ఆవిడకి నవ్వొచ్చింది. పిల్లకి కూడా వచ్చింది.

బ్యాలెన్సు కుదిరాక ఆవిడకి ధైర్యం కాస్త ఎక్కువైంది. ధైర్యం ఎక్కువైన రోజునే పడింది. మలుపు దగ్గర స్కూటరు ఒరిగి, మనిషి ఒక పక్క, బండి ఒక పక్క. ఆవిడ మోచెయ్యి చెక్కుకుపోయింది. అద్దం పగిలింది. అది తల్లి పెట్టించుకున్న అద్దం. గుండ్రటిది, అంచుకి ఎర్ర రంగు, ఇప్పుడు షాపుల్లో దొరకనిది.

పిల్ల ముందు బండి దగ్గరికి వెళ్ళలేదు, ఆవిడ దగ్గరికి వచ్చింది. మోచెయ్యి చూసింది. ఆ తర్వాతే అద్దం ముక్కలు ఏరి చేతిలో పెట్టుకుంది.

కంట్రోలరు నోట్లోంచి "కొత్తది వేయిస్తాను, ఈరోజే" అనే మాట బయటికి రాబోయింది. ఇన్నేళ్ళ అలవాటు. విరిగితే అతికించు, తీసుకుంటే తీర్చు. ఆ మాటని పళ్ళ బిగువున ఆపుకుంది. ఈ అద్దానికి సరిపడా అద్దం ఈ లోకంలో లేదని తెలిసీ డబ్బు బయటికి తీస్తే, ఆ పిల్ల తల్లికి వెల కట్టినట్టే.

"దీన్ని నేను తీర్చలేను," అంది. "నీకు బాకీ పడ్డాను. అది అలా ఉండిపోవాల్సిందే."

పిల్ల ఏడ్చింది. ఆవిడ ముందు ఏడవడం అదే మొదలు. కంట్రోలరు ఓదార్చలేదు, చెయ్యి పట్టుకుని పక్కన నేల మీద కూర్చుంది. కాసేపటికి పిల్ల ముక్కు తుడుచుకుని, "మా అమ్మ కూడా ఇలాగే మలుపు దగ్గర తెగ వంచేసేది. మా నాన్న ఎక్కడానికి భయపడేవాడు," అంది. ఇంకాసేపు తల్లి సంగతులు చెప్పింది. చెప్పి, లేచి, "ఊఁ, ఎక్కండి. పడ్డ వెంటనే ఎక్కకపోతే ఇక ఎక్కలేరు," అంది.

ఆ తర్వాత ఇంట్లో ఒక వింత మొదలైంది. పిల్ల కంట్రోలరుని ఏడిపించసాగింది. "అద్దం పగలగొట్టినవాళ్ళు ఉల్లిపాయలు తరగాలి" అనేది. "అద్దం పగలగొట్టినవాళ్ళకి ఆఖరి రొట్టె దక్కదు" అనేది. తనకి ఒకరు బాకీ ఉంటే ఎంత హాయిగా ఉంటుందో ఆ పిల్లకి ఇప్పుడే తెలిసినట్టుంది. కంట్రోలరు గొణుక్కుంటూ ఉల్లిపాయలు తరిగేది. ప్లంబరు తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూసి, పనిముట్ల సంచీ తెచ్చి, ఎన్నాళ్ళుగానో కారుతున్న వంటింటి కుళాయి బాగుచేశాడు.

కంట్రోలరుకి లైసెన్సు వచ్చింది, కుర్చీ నిలిచింది. అయినా నెలాఖరు నెలాఖరే. పిల్ల వెళ్ళనని అనలేదు. ఆవిడ అడగలేదు. ఒకటి అడిగింది చాలు, రెండోది అడిగితే మెడ మీద కత్తి పెట్టినట్టవుతుందని ఊరుకుంది. కానీ ప్రతి సాయంత్రం గదిలోకి తొంగి చూసి, మంచం కింద పెట్టె అక్కడే ఉందో లేదో చూసుకునేది.

ఆఖరి శనివారం సాయంత్రం పిల్ల వంటింట్లోకి వచ్చింది. గట్టు మీద ఎక్కి కూర్చుంది. చాలాసేపు చెంచాతో ఆడింది.

"పిన్నీ, నాకో పని చేసి పెట్టాలి."

"చెప్పు."

"పెద్దమ్మకి నేను రానని చెప్పాలి."

కంట్రోలరు తన సంతోషం మొహంలో కనబడనివ్వలేదు. "ఎందుకు రానంటున్నావు?"

"అక్కడ నన్ను ఏమీ ముట్టుకోనివ్వరు. పాపం తల్లి లేని పిల్ల అంటారు, కూర్చోబెట్టి పెడతారు. ప్రేమే, కాదనను. కానీ నాతో అక్కడ ఎవరికీ పని లేదు." చెంచా కింద పెట్టింది. "కానీ నాకు చెప్పడానికి నోరు రాదు. ఫోన్లో చెబితే బాగుండదు. ఎదురుగా చెబితే ఆవిడ ఏడుస్తుంది, ఆవిడ ఏడిస్తే నేను వెళ్ళిపోతాను. తిట్లు కూడా పడతాయి. చాలా పడతాయి. నా వల్ల కాదు. మీరే వచ్చి చెప్పండి."

తనకోసం ఎప్పుడూ ఒక్క గ్లాసు మంచినీళ్ళు కూడా అడగని పిల్ల, తన బదులు వెళ్ళి తిట్లు తినమని అడుగుతోంది. కంట్రోలరు చేతులు తుడుచుకుంది. అంత పెద్ద డిపోని ఏళ్ళపాటు నడిపినందుకు ఎప్పుడూ కలగనంత గర్వం ఆవిడకి ఆ గట్టు పక్కన నిలబడి కలిగింది.

"రేపు ఏ బస్సుకి?" అంది.

మర్నాడు పిల్ల పొద్దెక్కేదాకా పడుకుంది. కంట్రోలరు టీ పెట్టి మంచం దగ్గరికి తీసుకెళ్ళి లేపింది. పిల్ల తాగి, కప్పు అక్కడే వదిలేసి, జడ వేసుకోవడానికి వెళ్ళింది.

పెద్దమ్మ ఇల్లు బట్టల కొట్టు వెనకే. మనిషి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, పిల్ల పోలికలు మొహంలో అక్కడక్కడా ఉన్నాయి. పిల్లని చూడగానే దగ్గరికి తీసుకుంది. పెట్టె ఏదీ అని వాకిలి వైపు చూసింది. పెట్టె లేదు.

కంట్రోలరు నిలబడే చెప్పింది. "అమ్మాయి రావడం లేదండీ. నేనే ఆపాను. నాకు అవసరముండి ఆపుకున్నాను."

పిల్ల చటుక్కున తల ఎత్తింది. ఆ మాట ఇద్దరూ అనుకున్న మాట కాదు.

పెద్దమ్మ అందుకుంది. ఆవిడ తిట్టడంలో ఘటికురాలు. ఊడిగం చేయించుకోవడానికి పిల్ల కావలసి వచ్చిందా అంది. నీ కూతురు కూర్చుని తింటుంటే నా చెల్లెలి కూతురు గిన్నెలు తోముతోందని నాకు తెలియదా అంది. ఎంతైనా సవతి తల్లి సవతి తల్లే అంది. కంట్రోలరమ్మ అంటే డిపో మొత్తం గొంతు తగ్గించి మాట్లాడుతుంది. ఇక్కడ ఒక ముక్కూ మొహం తెలియని మనిషి నిలబెట్టి కడిగేస్తుంటే ఆవిడ ఒక్క మాటకి ఎదురు చెప్పలేదు. గిన్నెల వంతుల సంగతి చెప్పలేదు, వానకోటు సంగతి చెప్పలేదు. "అవునండీ," అంది. ఇంకోసారి, "నిజమేనండీ," అంది. ఒక్కో తిట్టూ పిల్ల మీద పడాల్సింది తన మీద పడుతోందని తెలుసు గనక అవి ఆవిడకి బరువనిపించలేదు. పెద్దమ్మ ఆఖరికి ఏడ్చింది. పిల్ల వెళ్ళి ఆవిడ్ని పట్టుకుని ఏడ్చింది. కానీ కదిలేటప్పుడు కంట్రోలరు వెనకే బయటికి వచ్చింది.

తిరుగు బస్సు తమ డిపోదే. కండక్టరు కుర్రతనం వదలనివాడు, కంట్రోలరమ్మని చూసి లేచి నిలబడ్డాడు. ఆవిడ కూర్చోమంది. పిల్ల కిటికీ పక్క సీటు తీసుకుంది. అడగలేదు. సంచీలో ఉన్న రొట్టె ముక్కలు తీసి తనది తినేసింది, ఆవిడది కూడా తినేసింది.

"నాకు థాంక్స్ చెప్పడం రాదు," అంది నోటి నిండా రొట్టెతో.

"చెప్పకు."

పిల్ల ఆవిడ భుజం మీదకి ఒరిగి, ఊరు దాటకముందే నిద్రపోయింది. చెక్కుకుపోయి ఇంకా మానని మోచెయ్యి ఆ బరువుకి నొప్పి పెడుతున్నా కంట్రోలరు కదల్లేదు.

కండక్టరు టిక్కెట్లు కొట్టుకుంటూ వచ్చి ఆగాడు. "ఎవరమ్మా, ఈ పాప?"

"మా పెద్దది."

"అదృష్టవంతులు. పెద్ద కూతురుంటే ఇంట్లో పనికి ఎంత సాయమో."

"సాయమా?" అంది కంట్రోలరు. బస్సులో ఆ చివర వాళ్ళకి కూడా వినబడేలా అంది. "నెత్తికెక్కి కూర్చుంది. పొద్దున తాగిన కప్పు కూడా తీయదు."